మాడుమొహం

"ముక్కు ఎలా ఉందమ్మా?" అని అడిగాడు బొమ్మల మాస్టారు.

"ముక్కు ముక్కులాగే ఉంది సార్" అంది టైలరమ్మ.

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. పొద్దున్నించీ బడిలో నాలుగు క్లాసులు, నూట అరవైమంది పిల్లలు, వాళ్ళు గీసిన నూట అరవై వంకర కుండలు. బడి వదలగానే ఇంటికి పోయి కాసేపు నడుం వాలుద్దామనుకుంటే పోలీసు స్టేషను నుంచి ఫోను. స్టేషన్లో ముఖాలు కట్టే కంప్యూటరు లేకపోలేదు. దాన్లో ముక్కులూ చెవులూ ఏ దేశం నుంచి దిగాయో గానీ, వాటితో ఎవర్ని కట్టినా విమానం దిగి దారి తప్పినవాడిలా ఉంటాడు. అందుకే ఏడాదికి నాలుగైదుసార్లు మాస్టారిని పిలుస్తారు. పిలిచినప్పుడల్లా ఆయన విసుక్కుంటాడు. పిలవకపోతే చిన్నబుచ్చుకుంటాడు.

రికార్డుల గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడవారన కట్టలు కట్టలుగా కాగితాలు. టైలరమ్మ మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. దాని పక్కనే, గొలుసు తెగినచోట, ఎర్రగా ఒక గీత. నిన్న మధ్యాహ్నం ఆమె కొట్లో మిషను మీద వంగి ఉండగా, ప్యాంటు పొడుగు తగ్గించాలంటూ ఒకడు లోపలికి వచ్చాడు. ప్యాంటు బల్ల మీద పెట్టాడు. ఆమె టేపు సాగదీసేలోగా మెడలో గొలుసు తెంపుకుని పోయాడు. ప్యాంటు మాత్రం అక్కడే ఉంది.

"పోనీ, కళ్ళు?"

"మంచోడి కళ్ళు కావు సార్. చూడగానే తెలిసిపోయింది."

"చూడగానే తెలిస్తే లోపలికెందుకు రానిచ్చావమ్మా?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ కానిస్టేబులు.

ఆమె ముఖం చిన్నదైపోయింది. మాస్టారు కానిస్టేబులు వైపు ఒక చూపు చూసి, కాగితం మీద కోడిగుడ్డు ఆకారం గీసి, దాన్ని అడ్డంగా సగానికి విడదీశాడు. ఆ సగం గీత మీద కళ్ళు. రెండు కళ్ళ మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు. ఇంతవరకూ దొంగకైనా దొరకైనా లెక్క ఒక్కటే.

"కనుబొమలు కలిసి ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా?"

"మంచోళ్ళకు ఉన్నట్టు లేవు."

"మంచోళ్ళకు ఎలా ఉంటాయి?"

"మీకున్నట్టు ఉంటాయి సార్."

మాస్టారికి లోలోపల కాస్త ముచ్చటేసింది. కనుబొమలు కలిపేశాడు.

ఎప్పుడూ ఇంతే. సాక్షులకు ముక్కూ మూతీ గుర్తుండవు, గుణం గుర్తుంటుంది. ఆ గుణాన్ని ముక్కూ మూతీగా మార్చడమే ఈయన పని. అందులో పెద్ద విద్యేమీ లేదు, ఏటా ఆరో తరగతికి ఒక్క పీరియడులో చెప్పేస్తాడు. రాజకుమారుడు కావాలా, కనుబొమలు విడదియ్యండి, పెదాల చివర్లు పైకి. రాక్షసుడు కావాలా, కనుబొమలు కలపండి, కళ్ళు లోపలికి తొయ్యండి, పెదాలు బిగించండి. పిల్లలకు రాక్షసుడే బాగా కుదురుతాడు.

"పెదాలు?"

"బిగబట్టుకుని ఉన్నాడు సార్. నోట ఒక్క మాట లేదు."

"ప్యాంటు సంగతి చెప్పాడు కదమ్మా?"

"అది చెప్పాడు. చెప్పి, బిగబట్టాడు."

ఇంతలో ఇన్‌స్పెక్టరు టీ గ్లాసులు పట్టుకుని తనే వచ్చాడు. రాత్రీ పగలూ స్టేషన్లోనే ఉన్నట్టు ఆయన కళ్ళకింద సంచులు వేలాడుతున్నాయి. వంగి బొమ్మను చూసి, "అబ్బ, ఏం మొహం మాస్టారూ!" అన్నాడు. "కిందటేడు నన్ను ట్రైనింగుకు పంపారు చూడండి, పది దేశాల పోలీసులం. ఇరవై ఫొటోలు వరసగా పెట్టి, వీళ్ళలో ఎవర్ని నమ్ముతారు, ఎవర్ని నమ్మరు అని అడిగారు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా అందరం కలిసి ఒక్కణ్ణే చూపించాం, వీణ్ణి మాత్రం నమ్మం అని. పది దేశాలవాళ్ళు ఒక్క మాట మీదకు వచ్చారంటే ఊరికే వస్తారా?"

"ఇంతకీ అతనెవరు?"

"ఏమో, అది చెప్పలేదు. భోజనాలకు వదిలేశారు."

మాస్టారు టీ తాగి, 4బి పెన్సిలు తీసి బుగ్గల కింద నీడ వేశాడు. దవడ వెడల్పు చేశాడు. ముక్కుపుటాలు లావు చేశాడు. ఆమె చెప్పని చోటల్లా చెయ్యి దానంతట అది నింపుకుంటూ పోయింది. తొందరగా తేలిపోతే ఇంటికి పోవచ్చు. ఇంకో పది నిమిషాలకు టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వాడే సార్" అంది. కళ్ళనిండా నీళ్ళు. "వాడే."

మర్నాడు పొద్దున ఏడున్నరకు మాస్టారి ఇంట్లో బెల్లు మోగింది.

"మాడుమొహం వచ్చినట్టున్నాడు, తలుపు తియ్యండి" అంది భార్య వంటింట్లోంచి.

నీళ్ళ క్యాన్లు తెచ్చే మనిషికి ఆ బిల్డింగులో ఆడవాళ్ళు పెట్టిన పేరు అది. ఆరేళ్ళుగా రోజు విడిచి రోజు మూడో అంతస్తు దాకా క్యాను మోసుకొస్తాడు. పలకరిస్తే పలకడు, నవ్వితే నవ్వడు. లిఫ్టు ఉంది, అందులో క్యాన్లు ఎక్కించకూడదని బోర్డు కూడా ఉంది. మాస్టారు గడియ తీసి, చేతిలో పేపరు చదువుకుంటూనే పక్కకు తప్పుకున్నాడు. భుజం మీద క్యాను, దాని బరువుకు ఒక పక్కకు ఒరిగిన మెడ, బిగించిన పెదాలు. అతను రెండంగల్లో లోపలికి వచ్చి, క్యాను దించి, ఖాళీది తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం మాస్టారు బడి నుంచి వచ్చి చెప్పులు విడవకముందే భార్య ఫోను పట్టుకుని ఎదురొచ్చింది.

"ఏవండీ, ఇది మీరు గీసిందేనా?"

బిల్డింగువాళ్ళ గ్రూపులో ఎవరో బొమ్మ పెట్టారు. కింద స్టేషను నంబరు.

"నేనే. ఏం?"

"ఎంత బాగా గీశారండీ! ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసినట్టుంది. మన మాడుమొహం కాదూ ఇది!"

మాస్టారు ఫోను అందుకున్నాడు. ఆ పిచ్చి మాటకు నవ్వబోయి, బొమ్మను చూసి ఆగిపోయాడు. అవే కళ్ళు. అదే మూతి. పొద్దున గుమ్మంలో నిలబడ్డ ముఖమే. నిన్న స్టేషన్లో తనకు తట్టలేదు గానీ, ఇప్పుడు చూస్తుంటే అతను తప్ప ఇంకెవరూ కనబడటం లేదు. 

"నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నానా లేదా?" అంటోంది భార్య. "ఆ చూపే అదోరకం. రెండో అంతస్తు పిన్నిగారు చూడగానే పోల్చేసిందట. కింది వాటా వాళ్ళ అల్లుడు కూడా అదే అన్నాడట. పదకొండుమంది రాశారు, వాడే వాడే అని. స్టేషనుకు ఫోను కూడా చేసేశారు."

"ఎవరు చేశారు?"

"ఎవరైతేనేం? మంచిపనేగా" అంది ఆవిడ. ఎవరు చేశారో ఆ గొంతులోనే తెలిసిపోయింది.

శుక్రవారం కొత్త మనిషి వచ్చాడు. నడివయసువాడు, తలుపు తియ్యకముందే నవ్వుతున్నాడు. నవ్వుతూనే క్యాను దభాలున దించాడు. గచ్చు మీద బిళ్ళ ఒకటి పగిలింది.

"అయ్యో, పర్లేదులే బాబూ" అంది మాస్టారి భార్య.

"పాతతన్ని నిన్న కొట్టు దగ్గరే పట్టుకుపోయారమ్మా. బండి మీద క్యాన్లు అలాగే ఉండిపోయాయి. ఇకనుంచి నేనే వస్తాను" అని చెప్పి అతను ఈల వేసుకుంటూ దిగిపోయాడు. ఆవిడ పగిలిన బిళ్ళ మీద పట్టా జరిపి, "ఎంత కలుపుగోలు మనిషో చూడండి" అంది.

మధ్యాహ్నం బడికి ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు. "మీ చెయ్యి బంగారం మాస్టారూ. టైలరమ్మ వచ్చింది, ఒక చేత్తో బొమ్మ పట్టుకుని మనిషిని చూసి, వీడే అంది. సోమవారం కోర్టుకు పంపేస్తాం. ఇక జైలే."

అప్పుడు మాస్టారు ఆరో తరగతిలో ఉన్నాడు. ముందు బెంచీ పిల్ల కాగితం మీద ఒక ముఖం వేసి, రబ్బరుతో పెదాలు చెరిపి, వాటిని కిందికి వంచి, "ఇప్పుడు చెడ్డాడయ్యాడు సార్" అని చూపించింది. మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. ఆ పిల్ల చెరిపినంత సులువుగా తను కూడా పని కానిచ్చాడు. ఆమె చెప్పింది రాక్షసుణ్ణి. రాక్షసుడికి ముఖం కావలసివచ్చి, తన చెయ్యి గుమ్మంలోకి వచ్చే మనిషి ముఖాన్ని దొంగిలించింది. గొలుసు పట్టుకుపోయినవాడు ఎక్కడున్నాడో గానీ, ఈ రెండో దొంగతనం చేసింది మాత్రం తనే. 

సాయంత్రం భార్యకు చెప్పాడు. ఆవిడ కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తిపీట పక్కకు జరిపింది.

"రేపు వెళ్ళి చెప్పేస్తారా? నేను తప్పు గీశానని?"

"చెప్పకపోతే అతను జైలుకు పోతాడు."

"అతను తియ్యలేదని మీకేం తెలుసు?"

"తీశాడని నీకేం తెలుసు?"

"ఆ మొహం..." అని ఆగింది. "సరే, మీ ఇష్టం. నలుగురిలో తలెత్తుకునేదెలాగో కూడా మీరే చెప్పండి. పదకొండుమంది ఉన్నారు గ్రూపులో."

 మాస్టారు పెన్సిళ్ళ డబ్బా వెతుక్కోవడానికి వెళ్ళాడు.

శనివారం పదిగంటలకు ఇన్‌స్పెక్టరు అంతా విన్నాడు. విన్నంతసేపూ కణతలు నొక్కుకుంటూనే ఉన్నాడు.

"అంటే, టైలరమ్మ చెప్పినవాణ్ణి గియ్యలేదు. మీ ఇంటికొచ్చే నీళ్ళమనిషిని గీశారు. అంతేనా?"

"అంతే."

"మరి అతన్ని చూసి వీడే అందే ఆవిడ?"

"నా బొమ్మ చూసి అంది. గొలుసు దొరికిందా?"

"లేదు."

"ఆ మధ్యాహ్నం ఎక్కడున్నాడట?"

"కొట్టు వెనక గదిలో పడుకున్నాట్ట. నలభై క్యాన్లు మోశాక ఒళ్ళు తెలీకుండా నిద్రపోతాట్ట. నిద్రకు సాక్షులుంటారా మాస్టారూ?"

"అతన్ని ఒక్కసారి నా ఎదురుగా కూర్చోబెట్టండి. బొమ్మలో ఏమేం అతని దగ్గర్నుంచి తెచ్చానో గుర్తులు పెట్టి, సంతకం చేసిస్తాను. కోర్టుకు రమ్మన్నా వస్తాను."

"మీ పరువే పోతుంది. ఇక మిమ్మల్ని ఎవరూ పిలవరు."

"పిలవద్దు."

ఇన్‌స్పెక్టరు కానిస్టేబులుకు సైగ చేశాడు.

క్యాన్ల మనిషి వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. రెండు రోజుల గడ్డం. చేతులు ఒళ్ళో ఎలా పెట్టుకోవాలో తెలియనట్టు ఒకదాని మీద ఒకటి మార్చుకుంటున్నాడు. మాస్టారిని చూసి లేవబోయాడు.

"కూర్చో, కూర్చో" అన్నాడు మాస్టారు. ఆరేళ్ళలో ఇదే మొదటి మాటేమో అనిపించి ఆయన తల దించుకున్నాడు.

బొమ్మను బల్ల మీద పరిచి, ఒక కన్ను మూసి, చెయ్యి చాచి పెన్సిలు నిలువుగా పట్టుకున్నాడు. ముఖం పొడుగు కొలవడానికి దూరం నుంచే పెన్సిలు కొస అతని నెత్తికి సరిచూసి, బొటనవేలు గడ్డం దాకా జార్చాడు. తర్వాత కనుబొమల నుంచి మొదలుపెట్టాడు. వాటినే ముందు దొంగిలించానని ఆయన నమ్మకం.

కనుబొమలు కలిసి లేవు.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశాడు. రెండింటి మధ్య బొటనవేలు పట్టేంత సందు ఉంది. గడ్డంలాగా రెండు రోజుల్లో మారే వస్తువు కాదది. సరే, ముక్కు చూద్దామనుకున్నాడు. బొమ్మలో ముక్కుపుటాలు లావు. ఇతనిది సన్నటి ముక్కు, ఎప్పుడో విరిగి అతుక్కున్నట్టు కొంచెం ఎడమకు తిరిగింది. చెవులు బొమ్మలో తలకు అంటుకుని ఉన్నాయి. ఇతనివి డొప్పల్లా బయటికి ఉన్నాయి. దవడ చూశాడు. పెన్సిలు అడ్డంగా పట్టి కొలిచాడు. బొమ్మ దవడలో ఇతని ముఖం మొత్తం ఇమిడిపోతుంది. కళ్ళు లోతుగా లేవు, కిందికి వాలి ఉన్నాయి.

"ఏమైంది మాస్టారూ? గుర్తులు పెడతానన్నారుగా?"

"పెట్టడానికేం లేదు" అన్నాడు మాస్టారు.  "ఇది ఇతను కాదు."

"ఇప్పుడేగా ఇతన్నే గీశానన్నారు!"

"అన్నాను. నిన్నంతా అదే అనుకుని కుమిలిపోయాను. నేనూ చూడలేదండీ. మీరు చూశారా? కనుబొమలు చూడండి. చెవులు చూడండి."

ఇన్‌స్పెక్టరు బొమ్మను చూశాడు, మనిషిని చూశాడు. బొమ్మను తీసుకెళ్ళి అతని చెంప పక్కన పెట్టి చూశాడు. కానిస్టేబులు కూడా మెడ చాచాడు. చాలాసేపటికి ఇన్‌స్పెక్టరు, "మరి మూతి? మూతి అదేగా?" అన్నాడు.

మూతి కూడా అది కాదు. పెదాలు బిగించి లేవు. కింది పెదవి కొంచెం జారి, పని ముగించుకుని గట్టు మీద కూర్చున్న ఏ మనిషికైనా ఉన్నట్టే ఉంది. ఆరేళ్ళలో భుజం మీద ఇరవై లీటర్ల బరువు లేకుండా తను ఇతన్ని చూడలేదని మాస్టారికి అప్పుడు తట్టింది. మూడంతస్తులు ఎక్కి వచ్చేవాడు ఊపిరి బిగబట్టి వస్తాడు. దాన్ని గుణం అనుకున్నాడు తను. బిల్డింగు మొత్తం అనుకుంది. ఇతనికి పేరు పెట్టింది.

టైలరమ్మను పిలిపించారు. మెడలో టేపుతోనే వచ్చింది. మాస్టారు బొమ్మను బోర్లించి, మనిషిని చూడమన్నాడు. ఆమె చూసింది. మెడలో టేపు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"చెప్పమ్మా. తప్పయినా ఫర్వాలేదు, ఎవరూ ఏమీ అనరు."

"ఏం చెప్పమంటారు సార్" అంది చివరికి. "మీ బొమ్మ చూసి చూసి, ఆ దొంగ మొహం పోయింది నాకు. కళ్ళు మూసుకుంటే ఈ కాగితమే కనిపిస్తుంది. నిన్న ఈయన్ను చూసినప్పుడు, పోలీసులే తెచ్చారు కదా, అయ్యుంటాడులే అనుకున్నాను." ఆమె క్యాన్ల మనిషి వైపు ఒక అడుగు వేసి ఆగింది. "నా గొలుసు ఎటూ పోయింది సార్. ఈ పాపం కూడా నాకెందుకు?"

ఇన్‌స్పెక్టరు కాగితాలు ముందుకు లాక్కుని ఏవో రాసి, "పిలిస్తే రావాలి, ఊరు వదలకూడదు" అని క్యాన్ల మనిషికి చెప్పి, వెళ్ళిపొమ్మన్నాడు. తర్వాత మాస్టారితో, "పది దేశాలవాళ్ళం చూపించాం ఒకణ్ణి" అని మొదలుపెట్టి, ఆ మాట పూర్తి చెయ్యలేదు.

బయట మెట్ల మీద క్యాన్ల మనిషి చెప్పులు వేసుకుంటున్నాడు. మాస్టారు వెనకనే వచ్చి నిలబడ్డాడు.

"బొమ్మ గీసింది నేనే. నాదే తప్పు. నన్ను క్షమించు."

అతను కంగారుపడ్డాడు. "అయ్యో, మీరేం చేస్తారు సార్. బాగానే గీశారు."

"బాగా గియ్యడమేంటి? అది నువ్వు కాదు. ఒక్కటి కూడా కలవలేదు."

"కాదా సార్?" అతను చెయ్యి పైకెత్తి చెంప తడుముకున్నాడు. "మా ఇంటిది నిన్న వచ్చింది. స్టేషను గోడ మీద అంటించిన బొమ్మ చూసి, అచ్చం నువ్వేనయ్యా అని ఏడ్చింది. పెద్దమ్మాయి కూడా నాన్నే అందట. మొదట్లో కాదు కాదు అన్నాను. ఇంతమంది అంటున్నారు కదా, మనకు మన మొహం ఏం తెలుస్తుందిలే, ఇలాగే ఉంటాను కామోసు అనుకున్నాను."

 అతను దణ్ణం పెట్టి, వీధిలోకి దిగి, ఎండలో గోడవారగా నడుచుకుంటూ పోయాడు.

ఆదివారమంతా మాస్టారు మంచం దిగలేదు. భార్య గ్రూపులో ఏదో రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. ఏం రాసిందో ఆయన అడగలేదు.

సోమవారం ఏడున్నరకు బెల్లు మోగింది. ఈసారి మాస్టారు పేపరు పక్కన పెట్టి వెళ్ళి తలుపు తీశాడు.

క్యాన్ల మనిషి. నున్నగా గడ్డం గీయించుకున్నాడు, తల దువ్వుకున్నాడు. భుజం మీద క్యాను. మెడ పక్కకు ఒరిగి, నరాలు పైకి తేలి ఉన్నాయి. చెమట కళ్ళలోకి దిగుతోంది. నవ్వుతున్నాడు. పళ్ళన్నీ కనబడేలా, పెదాలు రెండు చెవుల దాకా సాగదీసి, ఊపిరి ఆడక ముక్కుపుటాలు అదురుతుండగా నవ్వుతున్నాడు.

"నమస్తే సార్" అన్నాడు. ఆ మాటకు నవ్వు సడలింది, వెంటనే సర్దుకున్నాడు.

"ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటాను" అని మాస్టారు చేతులు చాచాడు. అతను బెదిరి వెనక్కి తగ్గాడు. ఏదో తప్పు జరిగిందనుకున్నట్టున్నాడు, నవ్వు ఇంకా పెద్దది చేశాడు. లోపలికి వచ్చి క్యాను చప్పుడు లేకుండా దించి, ఖాళీది తీసుకున్నాడు. వంటింటి వైపు తిరిగి, "నమస్తే అమ్మా" అన్నాడు.

"నమస్తే, నమస్తే" అంది మాస్టారి భార్య బయటికి వస్తూ. ఆవిడకు ఎటు చూడాలో తెలియలేదు. అతను గుమ్మం దాటాక, గొంతు తగ్గించి, "చూశారా, నవ్వితే ఎంత మంచివాడిలా ఉన్నాడో. ముందే ఇలా ఉంటే ఈ గొడవంతా ఉండేదా?" అంది.

 నవ్వకు, నీకు దణ్ణం పెడతాను, నవ్వకు అని చెబుదామని మాస్టారు వరండాలోకి వచ్చాడు. అప్పటికే అతను మెట్ల మలుపులో పెట్టుకున్న రెండో క్యాను భుజానికెత్తుకుని ఎదురింటి గుమ్మం చేరాడు. బెల్లు దాకా పోయిన వేలు మధ్యలో ఆగింది. క్యాను భుజం మీదే ఉంది, మోకాళ్ళు వణుకుతున్నాయి. భుజానికేసి ముఖం రుద్ది చెమట తుడుచుకున్నాడు. పెదాలు ఒకసారి బిగించి, వదిలి, నెమ్మదిగా రెండు వైపులకూ సాగదీసుకున్నాడు. సరిగ్గా కుదిరిందో లేదో తెలియక కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు బెల్లు నొక్కాడు.